పన్నెండో ఫిరంగి కిటికీ

దిల్‌సుఖ్‌నగర్‌లో మా కోచింగ్ సెంటర్ ముందు ఓడ వెలిసిందంటే ఆ పాపంలో నాకూ వాటా ఉంది. ఇరవై ఏళ్లుగా అక్కడ చరిత్ర చెబుతున్నాను. చరిత్ర అంటే పెద్దగా ఏం లేదు, నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపెట్టడం. ఈస్టిండియా కంపెనీకి నలభై నిమిషాలు ఇచ్చారు. అందులో పది నిమిషాలు దొంగిలించి, పద్దెనిమిది వందల పది ప్రాంతపు ఇంగ్లీషు వర్తక ఓడల గురించి చెప్పేవాణ్ణి. మూడు తెరచాప స్తంభాలు, లండన్ నుంచి మద్రాసుకు నెలల తరబడి ప్రయాణం, తిరిగి వెళ్లేటప్పుడు నీలిమందు, బట్టల బేళ్లు. ఎవరూ రాసుకునేవారు కాదు. పరీక్షలో రాదు కదా.

ఒకరోజు మా యజమాని సాంబమూర్తి వెనక బెంచీలో కూర్చుని విన్నాడు. సరిగ్గా ఆ రోజే నేను నోరు జారాను. ఆ ఓడల్లో చాలావాటికి సరిపడా ఫిరంగులు ఉండేవి కావనీ, అందుకని పక్కల పొడుగునా ఉత్తుత్తి ఫిరంగి కిటికీలు రంగులతో వేసేవారనీ, దూరం నుంచి చూసిన దొంగలు యుద్ధనౌక అనుకుని దడుచుకునేవారనీ చెప్పాను. సాంబమూర్తి కళ్లు మెరిశాయి. క్లాసయ్యాక నా భుజం మీద చెయ్యి వేశాడు. ఇరవై ఏళ్లలో అదే మొదటిసారి.

నెల తిరిగేసరికి మొదటి అంతస్తు ముందు ప్లైవుడ్ ఓడ లేచింది. కట్టింది దేవానందం. నల్గొండ వైపు నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో స్థిరపడిన వడ్రంగి. క్రిస్మస్‌కు చర్చిలో పశువుల పాక, వినాయక చవితికి మండపాల సెట్టింగులు, రెండూ ఆయన చేతివే. నా పుస్తకంలోని బొమ్మ చూసి ఓడ ముక్కు వంపు కూడా తప్పకుండా దించాడు. సాంబమూర్తి మాత్రం తెరచాపలకు పోయినేడాది ఫ్లెక్సీలు తిరగేసి కుట్టించాడు. ఎండ ఏటవాలుగా పడితే పాత ర్యాంకర్లు తెరచాపల్లోంచి లీలగా నవ్వుతారు. అయినా ఆ ఓడను చూసి నేను నిజంగానే మురిసిపోయాను. సిగ్గు లేకుండా దాని ముందు ఫొటోలు కూడా దిగాను.

ఓడకు పన్నెండు కిటికీలు. ఫిరంగుల చోట ఉద్యోగాలు కొట్టిన మా విద్యార్థుల ఫొటోలు. మాకు నిజంగా ఉన్నది ముగ్గురు. మరో ఎనిమిదిమంది ఆ వీధిలో ప్రతి సెంటర్ బోర్డు మీదా ఉంటారు, ఎక్కడ చదివారో వాళ్లకే తెలియాలి. పన్నెండో మొహం దొరక్క సాంబమూర్తి అప్లికేషన్ల కట్ట విప్పి ఒక ఫొటో లాగాడు. కింద 'ఏంజెల్, గ్రూప్-2' అని వేయించాడు.

ఏంజెల్ దేవానందం కూతురు. పోయినసారి రెండు మార్కుల్లో పోయింది. మళ్లీ పరీక్ష ఇరవై రోజుల్లో ఉంది. పొద్దున ఆరింటికే వచ్చి మా రీడింగ్ రూమ్‌లో కిటికీ పక్కన కూర్చుంటుంది. కిటికీ అని అలవాటుగా అంటున్నాను. ఓడ లేచాక ఆ గది అసలు కిటికీలన్నీ ఈ బొమ్మ కిటికీల వెనక పడిపోయాయి. పట్టపగలే ట్యూబ్‌లైట్లు.

ప్రారంభోత్సవం దాకా ఓడకు తెర కప్పారు, పన్నెండో కిటికీ ఫొటో మాత్రం వాట్సాప్‌లో తిరిగింది. మన్సూరాబాద్ చర్చిలో ఆ పిల్ల పేరు మీద కృతజ్ఞతా కూడిక ప్రకటించారు. ఊరి నుంచి చుట్టాల ఫోన్లు. ఏంజెల్ రెండు రోజులు పుస్తకం తెరవలేదు. నాకు కడుపు మండి సాంబమూర్తి గదికి వెళ్లాను.

“ఎలాగూ వస్తుంది కదండీ మాస్టారూ, కాస్త ముందుగా పెట్టాం, అంతే. పైగా ఈ కిటికీల సంగతి చెప్పింది మీరే,” అన్నాడు.

దేవానందం నా మీద కోప్పడి ఉంటే బాగుండేది. మెట్ల దగ్గర ఆపి ఒక్కటే అడిగాడు.

“సార్, గా ఓడలకు ఒక్కటన్న నిజం ఫిరంగి ఉంటుండెనా?”

ఉండేదన్నాను. తల ఊపి, టేపు తీసుకుని పైకెక్కాడు.

ప్రారంభోత్సవానికి రిటైరైన పెద్ద అధికారి ఒకాయన వచ్చాడు. కూడిక పెట్టినవాళ్లు కేకుతో వచ్చారు. తెర జారింది. పదకొండు కిటికీల్లో పదకొండు నవ్వులు. పన్నెండోదాంట్లో ఫొటో లేదు. అక్కడ ప్లైవుడ్ చదరంగా కోసి, అంచులు నున్నగా తోమి ఉంది. లోపల ఏంజెల్ తల వంచుకుని చదువుకుంటోంది. పుస్తకం మీద ఎండ పడుతోంది.

అధికారికి ఈ ఏర్పాటు తెగ నచ్చింది. నీకు ఏ పోస్టు వచ్చిందమ్మా అని కింద నుంచే అడిగాడు.

“నాకింకా రాలే సార్. చదువుకుంటున్న.”

కింద ఎవరో విద్యార్థి తండ్రి మిగతా పదకొండుమంది సంగతేమిటని అడిగాడు. సాంబమూర్తి అందరికీ టీ ఇమ్మన్నాడు. చర్చివాళ్లు కేకు పైకి పంపి, కూడికను పరీక్ష కోసం ప్రార్థనగా మార్చుకున్నారు.

సాయంత్రం ఆ కంత మూసెయ్యమని సాంబమూర్తి గట్టిగా చెప్పాడు. బిడ్డ పరీక్ష అయినంక మూస్తానని దేవానందం అంతకంటే నెమ్మదిగా చెప్పాడు. మర్నాడు రీడింగ్ రూమ్ పిల్లలు ఆయన చుట్టూ చేరి, తమ వెలుతురుకు కూడా ఒక్కొక్క ర్యాంకరు అడ్డం ఉన్నాడని మొరపెట్టుకున్నారు. ఆయన రంపం అందుకున్నాడు.

నిచ్చెన నేను పట్టుకున్నాను.