హోస్టులు నిలబడిన దావత్

ఆ ఏడాది బాబు మియాకి ఒకే ఒక్క కోరిక. సూపర్‌వైజర్ కావాలి. పదవి మీద మోజు అనుకునేరు, అదేం లేదు. మెస్ బాయ్ వీసా మీద వచ్చినవాడు పెళ్లాన్ని ఒమాన్‌కి తెచ్చుకోలేడు, సూపర్‌వైజర్ అయితే తెచ్చుకోవచ్చు. అంతే సంగతి. సఫియా కడపలో ఉంటుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమెకి మొగుడంటే సెలవుల్లో వచ్చిపోయే మనిషి. పోయినసారి ఇంటికి వెళ్లినప్పుడు, "ఇంకొంచెం పెట్టమంటారా?" అని చుట్టాన్ని అడిగినట్టు మొహమాటంగా అడిగింది. ఆ మాట బాబు మియాకి ముల్లులా దిగింది. తిరుగు విమానంలో కూర్చున్నంతసేపూ అదే మాట.

అతను పనిచేసేది అల్ సువైక్‌లో, ఒక కేటరింగ్ కంపెనీలో. మేనేజరు ఇనాయత్ సాబ్‌ది కరీంనగర్. మనిషి మంచివాడేగాని నోరు మాత్రం నిప్పుల కుంపటి. సూపర్‌వైజర్ మాట ఎప్పుడెత్తినా "చూద్దాం మియా" అనేవాడు. ఇనాయత్ సాబ్ చూద్దామంటే ఆ చూపు ఎప్పటికి ఆనుతుందో ఆయనకే తెలియదు.

అలాంటిది ఓ రోజు ఆయనే పిలిచాడు.

"యూరప్ నుంచి పెద్ద పెద్దోళ్లు వస్తున్నరు మియా. ఖర్జూరాల రీసెర్చి ఫారం ఉంది కదా, గక్కడ రెండు దినాలు మీటింగు. రెండు దావత్‌లూ మనయే. మొత్తం నీ మీదనే వదిలేస్తున్న. మంచిగ నడిస్తే నీ సూపర్‌వైజర్ కాయితం మీద సంతకం పెడత."

ఆ వచ్చేవాళ్ల సంగతి కొంచెం చెప్పాలి. యూరప్‌లో యూనివర్సిటీలు, కంపెనీలు, నీటి సంఘాలు, రైతు సంఘాలు అన్నీ ఏటా ఒకచోట చేరతాయట. ఏ పరిశోధన ముందు చెయ్యాలి, కనిపెట్టిన కొత్త సంగతి జనానికి ఎలా చేర్చాలి అని మాట్లాడుకుంటాయట. ఈసారి నీళ్ల గురించీ ఖర్జూరాల గురించీ ఒమాన్ సంస్థలతో కలిసి పనిచేద్దామని సభని ఇక్కడికి తెచ్చారు. మాట్లాడుకోవడానికి అంతదూరం ఎందుకు రావాలో బాబు మియాకి బోధపడలేదు. పెళ్లి సంబంధం కుదరాలంటే మాత్రం ఇరువైపుల వాళ్లూ ఒకచోట కూర్చోక తప్పుతుందా అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

ఎందుకంటే పెళ్లిళ్లు బాబు మియాకి కొట్టినపిండి. గల్ఫ్‌కి రాకముందు కడపలో మేనమామ వెంట దావత్‌లు నడిపించినవాడు. ఏ పెళ్లిలోనైనా అతను మొదట చూసేది ఒక్కటే: పిలిచినవాళ్లెవరు, వచ్చినవాళ్లెవరు? వచ్చినవాళ్లు ముందు కూర్చుంటారు. పిలిచినవాళ్లు నిలబడి, గిన్నెలు పట్టుకుని, కొసరి కొసరి వడ్డించి, ఆఖరి పంక్తిలో తింటారు. పిలిచినవాడు ముందు తిన్నాడంటే వాడి పరువు గంగలో కలిసినట్టే.

మొదటి రోజు పొద్దున ఇనాయత్ సాబ్ హడావుడిగా రెండు ముక్కలు చెప్పాడు.

"నీలం బ్యాడ్జీలోళ్లు యూరప్ సంస్థలోళ్లు. మీటింగు వాళ్లదే, వాళ్లే హోస్టులు. పచ్చ బ్యాడ్జీలోళ్లు గెస్టులు, ఒమాన్ సంస్థలోళ్లు. హోస్టుల కాడ మర్యాద తక్కువ కావద్దు, సమజైందా?"

"సమజైంది సాబ్. హోస్టుల పరువు నా పరువు అనుకోండి."

ఇనాయత్ సాబ్ ధైర్యంగా వ్యాను ఎక్కి, ఐస్ తేవడానికి సొహార్ వెళ్లిపోయాడు.

ఖర్జూరపు తోటలో గుడారం వేసి, కింద తివాచీలు పరిచారు. ఒమాన్ పద్ధతిలో పెద్ద పెద్ద పళ్లేల చుట్టూ కూర్చుని తినాలని ఫారం డైరెక్టరు నాసర్ గారి ముచ్చట. పొద్దుటి మీటింగులో ఎవరి సంస్థ బోర్డు వెనక వాళ్లు బిగుసుకుని కూర్చున్నారు. ఒకరు మాట్లాడితే ఇంకొకరు రాసుకోవడం, రాసుకున్నవాళ్లు తలూపడం, అంతే. టీ ఇవ్వడానికి వెళ్లిన బాబు మియాకి అది మాటామంతీ సాగని పెళ్లిచూపుల్లా అనిపించింది. ఈ సంబంధం కుదరాలంటే దావత్ గట్టిగా పడాలి అనుకున్నాడు.

భోజనాల వేళ గుడారం గుమ్మంలో నిలబడ్డాడు. పచ్చ బ్యాడ్జీ వస్తే చేయి చాచి లోపలికి, తివాచీ మీదికి. నీలం బ్యాడ్జీ వస్తే ఎంతో గౌరవంగా పక్కకి, వడ్డించే బల్ల దగ్గరికి. కాసేపట్లో ఒమాన్ సంస్థలవాళ్లంతా పళ్లేల చుట్టూ కుదురుగా కూర్చున్నారు. యూరప్ సంస్థలవాళ్లంతా సూట్లు వేసుకుని గోడకి ఆనించిన నిచ్చెనల్లా నిలబడ్డారు. వాళ్ల అధ్యక్షురాలు తెల్లజుట్టు పెద్దావిడ. ఆవిడ అటూ ఇటూ చూసింది. బాబు మియా చిరునవ్వుతో దాల్చా గిన్నె ఆవిడ చేతికిచ్చి, గరిటె అందించి, "ప్లీజ్ మేడమ్, గెస్ట్ వెయిటింగ్" అన్నాడు.

ఆవిడ ఒక్క క్షణం గరిటె వంక చూసింది. ఇది ఈ దేశపు మర్యాద కాబోలు, కాదంటే బాగుండదు అనుకుంది. కోటు విప్పి పక్కనున్నాయనకి ఇచ్చి, నడుం వంచి మొదటి పళ్లెంలో దాల్చా పోసింది. అధ్యక్షురాలే వంగాక మిగతావాళ్లు ఆగుతారా? ఒక యూనివర్సిటీ పలావు ఎత్తుకుంది, ఒక నీటి సంఘం నీళ్ల జగ్గు పట్టుకుంది. కూర్చున్న ఒమాన్ పెద్దలకి ప్రాణం చచ్చిపోతోంది. మన గడ్డ మీద మనం కూర్చోవడమేంటి, వాళ్లు నిలబడటమేంటి? యూరప్‌లో సభ పెట్టినవాళ్లు ఇలాగే చేస్తారేమో, వద్దంటే చిన్నబుచ్చుకుంటారేమో అని నోరు మూసుకుని తిన్నారు. ఇద్దరికిద్దరూ మర్యాదస్తులు కాబట్టి ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

బాబు మియాకి మాత్రం కడుపు నిండిపోయింది. నీలం బ్యాడ్జీ ఒకాయన అరచెంచాడు ఖుర్మా వేసి వెళ్లిపోబోతుంటే వెనక్కి పిలిచి, ఇంకొంచెం వేయమని సైగ చేశాడు కూడా.

సరిగ్గా అప్పుడే ఐస్ పెట్టెతో ఇనాయత్ సాబ్ గుడారంలోకి అడుగుపెట్టాడు. చేతిలో పెట్టె జారింది. బాబు మియాని భుజం పట్టుకుని వంటపాక వెనక్కి లాక్కుపోయాడు.

"గిదేంది మియా? చీఫ్ గెస్టులతోని వడ్డన చేపిస్తున్నవా?"

"గెస్టులు కాదు కద సాబ్, హోస్టులని మీరే అంటిరి. హోస్టు యాడన్నా ముందు తింటాడా?"

ఆ పద్ధతి కరీంనగర్‌లోనూ ఉంది, ఇనాయత్ సాబ్‌కీ తెలుసు. అందుకే కోపం ఇంకా ఎక్కువైంది.

"ఇది నీ చెల్లె నిఖానా మియా? మీటింగు! హోస్టులంటే ముందు వరసల కూసునేటోళ్లు! ఒమానోళ్లు గది యూరపోళ్ల రివాజనుకుంటున్నరు, యూరపోళ్లు గది ఒమానోళ్ల రివాజనుకుంటున్నరు. నిజం తెలిస్తే కంపెనీ కాంట్రాక్టు పోతది. నోరు మూసుకో. సూపర్‌వైజర్ సంగతి మర్శిపో."

బాబు మియా ఎంత పని చేశాను అని తల పట్టుకుని పొయ్యి పక్కన కూలబడ్డాడు. సఫియాకి ఏమని చెప్పాలి? వంట మాస్టరు ఇస్రాయేలు, గోదావరి మనిషి, ఓదార్చాలని చూశాడు.

"అలా దిగులు పడకండి బాబుగారూ. ఎవరూ అలిగెళ్లిపోలేదు కదండీ. ఒకసారి అటు చూడండి."

చూశాడు. తినడం అయిన పచ్చ బ్యాడ్జీలవాళ్లు లేచి, నీలం బ్యాడ్జీలవాళ్లని బలవంతంగా కూర్చోబెట్టి తిరిగి వడ్డిస్తున్నారు. పొద్దున రాసుకోవడం తప్ప మాట్లాడని మనుషులు ఇప్పుడు ఒకళ్ల మాట ఒకళ్లకి వినపడనంత గోలగా మాట్లాడుకుంటున్నారు. చూడ్డానికి బాగానే ఉంది. కానీ పోయిన కాయితం పోయినట్టే కదా అనుకుని బాబు మియా అంట్ల వైపు వెళ్లిపోయాడు.

రెండో రోజు అసలు పేచీ మొదలైంది.

భోజనాల వేళకి డైరెక్టరు నాసర్ గారు గుమ్మంలోనే ఎదురొచ్చి, "నిన్న మీరు మాకు వడ్డించారు. ఈ దేశం మాది, ఈ రోజు మేమే హోస్టులం" అని గరిటె అందుకున్నారు. ఒమాన్ సంస్థలన్నీ ఆయన వెనక నిలబడ్డాయి. అధ్యక్షురాలు ఒప్పుకుంటేనా? సభ మాది, ఇవాళా మేమే నిలబడతామని ఇంకో గరిటె పట్టుకుంది. యూరప్ సంస్థలన్నీ ఆవిడ వెనక. నిన్న అలవాటు లేక నిలబడ్డవాళ్లు ఇవాళ పంతం పట్టి నిలబడ్డారు. తివాచీల మీద పిట్ట లేదు. పళ్లేల్లో పలావు పొగలు తగ్గిపోతున్నాయి. రెండు వైపులా "మీరు ముందు" అంటే "మీరు ముందు".

ఇస్రాయేలు వంటపాకలోంచి తల బయటపెట్టి, "మాంసం చల్లారిపోతే గట్టిపడిపోద్దండీ" అని వాపోయాడు. ఇనాయత్ సాబ్ కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి బాబు మియా దగ్గర ఆగాడు.

"నువ్వే పెట్టినవ్ ఈ పెంట. నువ్వే తియ్యి."

పోయేది ఎలాగూ పోయింది, ఇంక భయమెందుకు? బాబు మియా భుజం మీది తువ్వాలు సర్దుకుని గుడారం మధ్యకి నడిచాడు. రెండు గరిటెల మధ్య నిలబడి, వచ్చిన హిందీ, అరబ్బీ, ఇంగ్లీషు కలిపి అందరికీ వినపడేలా చెప్పాడు.

"ఈ రోజు హోస్టు మీరు కాదు, వాళ్లు కాదు. హోస్టు నేను. అన్నం నా చేతి మీదుగా వచ్చింది. మీరందరూ నా ఇంటికి వచ్చినోళ్లు. కూర్చోండి. మీరు తినేంతవరకూ నేను తినను."

అధ్యక్షురాలు ముందు నవ్వింది. గరిటె అతని చేతిలో పెట్టి, ఎదురుగా ఉన్న పళ్లెం దగ్గర చతికిలబడింది. నాసర్ గారూ అదే పళ్లెం దగ్గర కూర్చున్నారు. ఆ తర్వాత ఎవరు ఏ రంగు అన్నది ఎవరూ చూసుకోలేదు, ఖాళీ దొరికినచోటల్లా కూర్చున్నారు. బాబు మియా వంగి వంగి వడ్డించాడు.

నాసర్ గారికి హిందీ బాగానే వచ్చు. తింటూ తింటూ అడిగారు.

"ఒక మాట చెప్పు. పిలిచినవాళ్లు నిలబడాలన్న ఈ పద్ధతి ఎవరిది? ఇది మాదని ఈవిడ అనుకుందట. ఈవిడదని మేమనుకున్నాం."

ఇనాయత్ సాబ్ కళ్లతోనే వద్దు వద్దన్నాడు. కానీ పళ్లెం ముందు కూర్చున్న మనిషికి అబద్ధం ఎలా చెప్పడం?

"మాది సార్. కడప జిల్లాది. తప్పు నాదే. మేనేజర్ సాబ్‌కి తెలీదు."

నాసర్ గారు ఆ మాటని అధ్యక్షురాలికి ఇంగ్లీషులో చెప్పారు. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు పళ్లెం నుంచి పళ్లేనికి పాకి గుడారమంతా ఊగిపోయింది. నాసర్ గారు కళ్లు తుడుచుకుని మళ్లీ బాబు మియా వైపు తిరిగారు.

"సరే, హోస్టువి నువ్వేనన్నావు. మరి ఇంటావిడ ఏదీ? ఆవిణ్ణి కూడా పిలువు, శుక్రియా చెప్పాలి."

సరదాకే అన్నారు. కానీ బాబు మియా చేతిలో గరిటె ఆగిపోయింది. నవ్వబోయి, గరిటె గిన్నెలో పెట్టేశాడు.

"కడపలో ఉండాది సార్."

"ఎందుకు?"

"తీసుకురావాలంటే సూపర్‌వైజర్ కావల్ల సార్. నేను మెస్ బాయ్‌ని."

నాసర్ గారు నవ్వడం మానేశారు. మెల్లగా తలతిప్పి ఇనాయత్ సాబ్ వంక చూశారు. అధ్యక్షురాలికి మాట అర్థం కాకపోయినా, ఆవిడా అటే చూసింది. వాళ్ల వెనక పళ్లేల దగ్గరున్న సంస్థలన్నీ అటే చూశాయి. ఇనాయత్ సాబ్ కాలర్ సర్దుకున్నాడు.

"సూపర్‌వైజరే సాబ్," అన్నాడు గొంతు సవరించుకుని. "నిన్నటి సంది."

ఆ సాయంత్రం బాబు మియా సూక్ బజారులోని టెలిఫోన్ బూత్ నుంచి కడపలో పక్కింటివాళ్లకి ఫోన్ చేసి సఫియాని పిలిపించాడు. సంగతంతా గబగబా చెప్పేశాడు. లైను తెగిందేమోనని "హలో, హలో" అన్నాడు.

"ఉండాను," అంది సఫియా. "ఆడికొస్తే యాడుంటాం? మీ రూమ్‌లోనేనా?"

"కాదు. ఇల్లు చూస్తాండా."

ఒమాన్‌కి వచ్చాక ఇల్లు అన్న మాటని ఇక్కడి చోటు గురించి అనడం అతనికి అదే మొదటిసారి. అనేశాక అవతల సఫియా ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ఇవతల బాబు మియాకి రెండూ కలిసే వచ్చాయి.