సెకనుకో మాట

"ఈ మాటలు బయటికెలా పోయాయి?" పెద్ద డాక్టరమ్మ జవాబుల కాగితాన్ని నా ముందు పడేసింది.

పరీక్ష జరిగింది మా నాన్నకు. ఈ ఆసుపత్రిలో ప్రశ్నల బీరువా తాళంచెవి ఉండేది నా దగ్గర.

జ్ఞాపకశక్తి పరీక్షలో ఐదు మాటలు చదివి వినిపిస్తాం. ఐదు నిమిషాలు వేరే పనులు చేయించి, మళ్లీ చెప్పమంటాం. ఇవాళ నాన్నకు చదివినవి కొత్త మాటలు. నాన్న తడుముకోకుండా అప్పజెప్పినవి మాత్రం వంతెన, గొడుగు, నిమ్మకాయ, సూది, పావురం. అన్నీ పాత పరీక్షలోవి. వరస కూడా తప్పలేదు. ఆ పరీక్ష పక్కన పెట్టేసి ఆరేళ్లయింది.

"ఈ వారంలో ఎవరైనా బట్టీ పట్టించి ఉంటే పరీక్ష చెల్లదు. మూడు నెలలాగి మళ్లీ పెడతాను, అందాకా బస్సు నడుపుకోవచ్చు. ఎవరూ నేర్పకపోతే మాత్రం, కొత్తవాటిలో ఒక్కటీ గుర్తులేనట్టే. బస్సు మానెయ్యమని ఇప్పుడే రాసిస్తాను."

నాన్న ముప్పయ్యేళ్లుగా స్కూలు బస్సు నడుపుతున్నాడు. పోయిన వారం ఇరవైమంది పిల్లలతో ఎటో వెళ్లిపోయి, రైలు గేటు దగ్గర ఆగి దారి అడిగాడు.

వరండాలోకి వచ్చి తమ్ముడికి ఫోన్ చేశాను. నా తాళంచెవులు ఎక్కడుంటాయో వాడికి తెలుసు.

"నాన్నకు పరీక్ష మాటలు నేర్పింది నువ్వేనా?"

"ఒట్టక్కా! ఆ మాటలేంటో కూడా నాకు తెలీదు. అయినా నేనే నేర్పానని చెప్పెయ్. ఏం చేస్తారు, తిడతారు. నాకు కొత్తా? బస్సు లేకపోతే నాన్న మనిషిలా ఉండడే."

ఫోన్ పెట్టేసి లోపలికి వెళ్లాను. నాన్న కిటికీలోంచి బయట ఆగిన బళ్లను చూస్తున్నాడు.

"ఆ మాటలు నీకెవరు నేర్పారు నాన్నా?"

నాన్న ముఖం వెలిగిపోయింది. "మా కందిరీగ! కొత్తగా ఉద్యోగంలో చేరింది. పొద్దున్నే నేను బూట్లు పాలిష్ చేసుకుంటుంటే మెట్ల మీద కూర్చుని చదివేది. 'నవ్వించకు నాన్నా! గొంతు పెంచకూడదు, తగ్గించకూడదు, సెకనుకో మాట' అని నన్నే కసిరేది. నేను బ్రష్షుతో మెట్టు మీద టక్కు టక్కుమని కొట్టేవాణ్ణి. పావురం దగ్గరికొచ్చేసరికి దానికే నవ్వాగేది కాదు."

పాలిష్ వాసన ముక్కుకు తగిలినట్టయింది. చల్లటి మెట్లు. ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో నాన్న. బస్సుకు టైమవుతున్నా "ఇంకొక్కసారి చదువు" అనేవాడు. నల్లరంగు అంటిన చేత్తోనే నా జడ లాగి, "ఆ డాక్టర్లే నీ దగ్గర నేర్చుకోవాలే" అని పరిగెత్తేవాడు. వారం రోజుల కిందటి దారి చెరిగిపోయిన ఆ తలలో, ఆ పొద్దుటిపూటలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"ఎవరండీ ఆ కందిరీగ?" డాక్టరమ్మ పెన్ను తీసింది. "ఈ వారమేనా నేర్పింది?"

"పేరు చెప్పను. పాపం, ఉద్యోగం పోతుంది," అంటూ నాన్న నాకేసి కన్ను గీటాడు.

తమ్ముడి పేరు నా నాలుక మీదే ఉంది. మూడు నెలలు. ఇరవైమంది పిల్లలు. రైలు గేటు.

"నేనేనండీ," అన్నాను. "పన్నెండేళ్ల కిందట."