పదిహేడు కిలోలు

వెనక ఎడమ టైరు పేలినప్పుడు కారు వేగం డెబ్బై. అంతకు మించితే పొగ ఎక్కువని బావ హుకుం. చెల్లెలు స్టీరింగు బిగించి పట్టి, బ్రేకు జోలికి పోకుండా, ఊగిపోతున్న బండిని రోడ్డు వారకు తెచ్చి ఆపింది. ఎనిమిదేళ్లుగా టాక్సీ నడుపుతున్న చేతులు కాబట్టి ముగ్గురూ బతికారు.

టైము పన్నెండున్నర. నాలుగింటికల్లా అక్క రేవులో ఉండాలి. క్రేను నడపడానికి ఒక్కటే పోస్టు, ఒక్కటే పరీక్ష. గోడౌనులో పదకొండేళ్లు మూటలు లెక్కబెట్టిన మనిషికి మళ్లీ ఇలాంటి పిలుపు రాదు. ఇంకా నూటపది కిలోమీటర్లుంది.

చెల్లెలు డిక్కీ తెరిచి, బావగారి అట్టపెట్టెలు రెండూ కింద పడేసి, అడుగు పలక ఎత్తింది. గుంత ఖాళీగా ఉంది. స్టెప్నీ లేదు.

"చూశావా!" అన్నాడు బావ, అందరికంటే ముందు. "బండి నీది, బాధ్యత నీది. ఎక్కడ పోగొట్టుకున్నావో ఏమో."

చెల్లెలికి ఒళ్లు మండింది. రోజూ బండి తీసే ముందు డిక్కీ చూడటం ఆమెకు అలవాటు. ఈరోజు ఒక్కరోజే చూడలేదు. "నేను సర్దాను, ముట్టుకున్నావంటే లెక్క తప్పుతుంది" అని బయల్దేరేదాకా ఈయన తాళంచెవి జేబులో వేసుకున్నాడు మరి.

నిన్న సాయంత్రం నుంచీ అదే గోల. ప్రయాణం పచ్చగా ఉండాలట, బరువు తగ్గితే పొగ తగ్గుతుందట. వేలాడే కాటా ఒకటి తెచ్చి దువ్వెనతో సహా అన్నీ తూచాడు. ఏసీ వద్దన్నాడు. మైలేజీ వస్తుందని టైర్లలో గాలి దట్టంగా కొట్టించాడు. అక్క పరీక్షకు వేసుకోవాల్సిన ఇనుపముక్కు బూట్లు కూడా తీసేయబోతే, ఆమె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇప్పటికీ అవి ఆమె ఒళ్లోనే ఉన్నాయి. ఇక కింద పడ్డ పెట్టెల్లో ఏముందయ్యా అంటే, 'భూమిని కాపాడుదాం' అని నిగనిగలాడే కాగితం మీద అచ్చేసిన కరపత్రాలు, పైన బావగారి బొమ్మ. వాటిని మాత్రం ఎవరూ తూచలేదు.

"బావా, పొద్దున చుట్టాలందరికీ ఫోన్లో ఏదో పంపావుగా. ఒకసారి చదువు."

"ఇప్పుడదెందుకు?"

"చదువు బావా, చెవులకు పుణ్యం."

పొగడ్త దొరికితే ముళ్లకంప మీదైనా కూర్చునే మనిషి. గొంతు సవరించుకున్నాడు. "ఈ ప్రయాణానికి బండి బరువు ముప్పైమూడు కిలోలు తగ్గించాను. మీరూ తగ్గించండి."

"పైన క్యారియరు ఎంత?"

"తొమ్మిది."

"కాళ్లకింది మ్యాట్లు?"

"మూడు."

"పనిముట్ల పెట్టె?"

"నాలుగు."

"మొత్తం పదహారు. మిగతా పదిహేడూ ఏంటి బావా? నా స్టెప్నీ రిమ్ముతో కలిపి సరిగ్గా పదిహేడు."

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు బావ. కారులోంచి అక్క దిగింది. పెళ్లయినప్పటి నుంచి ఈయన తప్పులన్నిటికీ "పోనీలే" అని దుప్పటి కప్పిన మనిషి.

"ఎక్కడుందండీ?" అంది.

"మేడ మీద..." నేలచూపులు చూశాడు. "అందులో మట్టి పోసి పూలమొక్క నాటాను. ఫోటోకి బాగుంటుందని."

అక్క రోడ్డు మధ్యకు వెళ్లి, బూట్లు ఊపుతూ, వస్తున్న లారీని ఆపింది. అదృష్టం, ఇనుప కమ్మీల లోడుతో రేవుకే పోతోంది.

"లారీయా?" బావ గొంతు లేచింది. "అదెంత పొగ వదులుతుందో తెలుసా?"

"అది ఎలాగూ పోతోంది బావా. అక్క ఎక్కకపోతే పొగ మానేస్తుందా?"

అక్క మెట్టెక్కి డ్రైవరు పక్కన కూర్చుంది. బావ కూడా ఎక్కబోయాడు. లారీ డ్రైవరు, నెరిసిన మీసాల పెద్దాయన, పగిలిన టైరునీ ఖాళీ గుంతనీ చూసి నోరు వెళ్లబెట్టాడు.

"ఇంత దూరం స్టెప్నీ లేకుండానా? బుద్ధున్నవాడు చేసే పనేనా? ఎవడమ్మా తీసింది?"

బావ వేలు అప్పుడే చెల్లెలి వైపు లేస్తోంది. "ఇదిగో, ఈ డ్రైవరు..."

"కాదు," అంది అక్క. పోనీలే అనలేదు. బూట్లు తొడుక్కుని లేసు బిగించి, తల బయటపెట్టి, రోడ్డంతా వినపడేలా చెప్పింది.

"తీసింది మా చెల్లెలు కాదు బాబాయ్. ఆ మెట్టు మీద నిలబడ్డాడే, ఆయన. నా మొగుడు!"