విడి మేకు

తెగిన పోగును నాలుకతో తడిపి ముడివేసి, ఎడ్నా క్రాషా మగ్గాన్ని మళ్ళీ కదిలించింది. పోగును మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తడం మొదలుపెట్టింది. పొద్దుటి నుంచీ ఎడమ చెయ్యి బరువుగా లాగేస్తోంది. ఆ చేతిని ఒకసారి విదిలించుకుని రెండో మగ్గం వైపు తిరిగింది. అరవైకి దగ్గరపడిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఆ జుట్టు నెరిసిందో, దూది పట్టిందో చెప్పడం కష్టం.

వందల మగ్గాలు ఒక్కసారిగా మోగే ఆ లాంకషైర్ మిల్లులో పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అందుకని నేతగత్తెలు గొంతు వాడరు. పెదవులు సాగదీసి మాట్లాడతారు, కళ్ళతో వింటారు. ఎడ్నా కూడా గది ఆ చివరి మాటల్ని ఈ చివర నుంచి వినగలదు. అదే ఆమె ఖర్మ. పందొమ్మిది వందల ముప్పైలలో జరిగిన పెద్ద సమ్మె నాటి నుంచి ఆ మిల్లులో ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. ఆమె గురించి మాత్రం ఆమె కళ్ళెదుటే మాట్లాడుకునేవాళ్ళు.

"మహారాణిగారి నడక చూడండే! ఇవాళ కాళ్ళు ఈడుస్తోంది," అంది ఎదురు వరసలోంచి నెల్లీ హోల్ట్, పెదవులతోనే.

"నీ మొగుడి నడక కంటే నయమేలే. శనివారం సారా దుకాణం నుంచి గోడలు పట్టుకునేగా వస్తాడు," అన్నాయి ఎడ్నా పెదవులు.

నెల్లీ చటుక్కున తల తిప్పేసుకుంది. ఎడ్నా జవాబు చూడకూడదన్నది వాళ్ళ కట్టుబాటు.

ఎడ్నా చేసిన నేరం చిన్నదేమీ కాదు, పెద్దదీ కాదు. సమ్మె చివర్లో ఇంట్లో బొగ్గు అయిపోయింది. భర్త వాల్టర్ మంచం మీద నెత్తురు దగ్గుతున్నాడు. అందరికంటే ఒక వారం ముందు తలవంచుకుని పనిలోకి వెళ్ళిపోయింది. మరుసటి వారం తక్కినవాళ్ళూ ఓడిపోయి, అదే తక్కువ కూలికి, అదే గేటులోంచి లోపలికి వచ్చారు. యజమానిని క్షమించారు గానీ ఎడ్నాను క్షమించలేదు.

టీ కప్పులు తగిలించే మేకుల వరసలోంచి ఆమె కప్పును తీసేశారు. మరుగుదొడ్డి తలుపు పక్కన విడిగా ఒక మేకు కొట్టి దానికి తగిలించారు. ఆ మేకు కొట్టింది బెర్తా హాస్లమ్. పక్క మగ్గాలు బెర్తావే, వీధిలో ఎదురిల్లు బెర్తాదే. సమ్మెకు ముందు ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. "రెండు చెంచాల చక్కెర వేసుకుని తాగుతావు, అయినా ఆ నోటికి తీపి అంటదేమే?" అని బెర్తా ఏడిపిస్తుండేది.

మేకును ఎడ్నా ఏనాటికైనా మరిచిపోయేదేమో. మరిచిపోనిది వేరే ఉంది. వీధిలోంచి శవం వెళుతుంటే ప్రతి ఇంటివాళ్ళూ కిటికీ కర్టెన్లు మూస్తారు. ముఖాలు చూసుకోనివాళ్ళు కూడా ఆ మర్యాద తప్పరు. సమ్మె తర్వాతి వసంతంలో వాల్టర్ శవపేటిక వెళ్ళిన రోజున బెర్తా కర్టెన్లు బార్లా తెరిచే ఉన్నాయి. అంతేకాదు, వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చుని గడపరాయి తోముతూ ఉంది, తల కూడా ఎత్తలేదు.

అప్పటి నుంచి ఎడ్నా పంతం ఒక్కటే. బెర్తా, పెదవులతో కాదు, గొంతు విప్పి, నలుగురూ వినేలా తనను పేరు పెట్టి పిలవాలి. అందాకా ఈ మిల్లు వదిలేది లేదు. సముద్రపు ఒడ్డున ఇల్లున్న చెల్లెలు రమ్మని ఎన్నిసార్లు బతిమాలినా వెళ్ళలేదు. పోతే వాళ్ళు పండగ చేసుకుంటారు, ఆ సంతోషం వాళ్ళకు ఎందుకివ్వాలి?

టీ వేళ దగ్గరపడుతుండగా నొప్పి చేతిలోంచి దవడకు పాకింది. ఎడ్నా మగ్గం చట్రం పట్టుకుని నిలబడిపోయింది. తల ఎత్తేసరికి బెర్తా ఆమెనే చూస్తోంది.

"ముఖం పాలిపోయిందే. కూర్చో. నీ మగ్గాలు నేను చూస్తాలే," అన్నాయి బెర్తా పెదవులు.

ఎడ్నా గుండె ఒక్క క్షణం పొంగింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళకు మాట్లాడి, అదీ చప్పుడు చాటునా? గొంతు లేదా దీనికి? బెర్తా ఇంకా ఏదో చెబుతోంది. ఎడ్నా కళ్ళు గట్టిగా మూసుకుంది. నేతగత్తె కళ్ళు మూసుకుంటే చెవులు మూసుకున్నట్టే. ఆ మిగతా మాట ఏమిటో ఆమెకు తెలియనే లేదు.

టీ వేళకు మగ్గాలను నడిపే ఇంజను ఆగింది. మగ్గాలు ఒక్కొక్కటే నిలిచిపోయాయి. ఎడ్నా నూలు కండెల బుట్ట మీద కూలబడి గోడకు తల ఆనించింది. బెర్తా గది పొడుగునా నడిచి ఆ విడి మేకు దగ్గర ఆగడం అందరూ చూశారు. కప్పు తీసింది, టీ పోసింది, చక్కెర వేసింది. కలపడానికి కూడా ఆగకుండా గబగబా వచ్చింది.

"ఎడ్నా," అంది పైకే. ఆ నిశ్శబ్దంలో ఆ పేరు గదంతా వినపడింది. "ఒసేయ్ ఎడ్నా, టీ తాగు. కళ్ళు తెరవవే, మొండిఘటమా!"

ఎడ్నా కళ్ళు తెరవలేదు. బెర్తా వంగి ఆమె చెయ్యి పట్టుకుంది, కాసేపటికి వదిలింది.

"చావు కూడా టీ వేళకే చూసుకుంది, కూలి పోకుండా," అంది నెల్లీ.

"నోరు ముయ్యవే," అంది బెర్తా.

శుక్రవారం ఎడ్నా శవపేటిక ఆ వీధిలోంచే వెళ్ళింది. వెనక చెల్లెలు ఒక్కతే నడిచింది. కిటికీ కర్టెన్లన్నీ తెరిచే ఉన్నాయి, ఒక ఇంటివి తప్ప. ఆ ఇంట్లో బెర్తా ఆ రోజు పనికి వెళ్ళకుండా, కర్టెన్లు మూసుకుని, చీకట్లో కూర్చుని ఉంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఎదురుగా బల్ల మీద మిల్లు నుంచి తెచ్చుకున్న ఎడ్నా కప్పు ఉంది. టీ పారబోసింది గానీ కడగలేదు. అడుగున రెండు చెంచాల చక్కెర కరగకుండా గడ్డకట్టి ఉంది.