పసుపు గుడ్డ కట్టని చెట్లు

పార్కును కాపాడుకోవాలని ఆ పేటలో కోరుకోనివాళ్ళు లేరు. కాకపోతే ఎవరి పార్కు వాళ్ళకుంది. పళ్ళ డాక్టరుగారికి పార్కంటే పొద్దున్నే చేతులూపుకుంటూ తిరిగే గుండ్రటి బాట. ఫొటోగ్రాఫరుకు పార్కంటే రాతి ఫౌంటెనూ, దాని వెనక గొడుగుల్లా కొమ్మలు చాచిన పెద్ద చెట్లూ. పేటలో పెళ్ళయిన ప్రతి జంటనూ అక్కడే నిలబెట్టి నవ్వమనేవాడు. పేకాటరాయుళ్ళకు పార్కంటే బ్యాండు మండపం నీడ. నూరేళ్ళు దాటిన ఆ తోటను చదును చేసి స్టేడియం కడతారని తెలియగానే వీళ్ళంతా ఒక్కటై సంఘం పెట్టారు. సంఘమన్నాక కుర్చీలు కావాలి, కుర్చీలు వేసుకునే చోటు కావాలి. అలా పార్కు గేటుకు ఎదురుగా ఉన్న టైలరమ్మ కొట్టు సంఘం ఆఫీసయి కూర్చుంది.

కొట్టు మరీ పెద్దదేం కాదు. ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు, కత్తిరించే బల్ల, గోడకు వేలాడే సగం కుట్టిన గౌన్లు, బల్ల కింద ముక్కల సంచి. వెనక రెండు గదుల్లో టైలరమ్మా, వాళ్ళక్కా ఉంటారు. భర్త పోయాక టైలరమ్మ అక్క పంచన చేరింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు అక్కకు చూపు పోయింది. ఇప్పుడు ఎవరు ఎవరి పంచన ఉన్నారన్నది అక్కాచెల్లెళ్ళిద్దరూ తేల్చుకోలేదు, తేల్చుకునే ఉద్దేశమూ లేదు.

అక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. గొంతు వింటే చాలు, అవతలివాడు తిని మాట్లాడుతున్నాడో తినక మాట్లాడుతున్నాడో చెప్పేస్తుంది. కళ్ళు పోయాయి గానీ నోరు పోలేదు. సంఘం మీటింగులు జరుగుతుంటే వెనక గదిలోంచి, "డాక్టరుగారూ, పన్ను పీకేటప్పుడు కూడా ఇంతసేపు ఉపన్యాసం ఇస్తారా?" అని అరిచేది. డాక్టరుగారు నవ్వేవాడు, వెంటనే ఉపన్యాసం కొనసాగించేవాడు.

కానీ చూపు పోయిన మొదటి ఏడు ఆమె ఇలా లేదు. బాత్రూముకు వెళ్ళాలంటే ఒకరి చెయ్యి, అన్నం ముందు కూర్చోవాలంటే ఒకరి చెయ్యి, ఆస్పత్రికి ఒకరి చెయ్యి. "నేను మనిషిననుకున్నానే, ట్రంకుపెట్టెనైపోయాను. ఎక్కడ దించితే అక్కడ ఉంటున్నాను" అని గోడవైపు తిరిగి ఏడ్చేది. ఒక వేసవి పొద్దున చెల్లెలు బలవంతం మీద పార్కుకు తీసుకెళ్ళింది. గేటు దగ్గరే మొదలయ్యే పడమటి వైపు దిరిసెన చెట్ల వరస వెంట నడుస్తుంటే ఆమె ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎండిన కాయలు గాలికి గలగలమంటున్నాయి. ఒక చెట్టు గలగల వెనకబడేలోపు ముందరి చెట్టు గలగల అందుకుంటోంది.

"చెయ్యి వదులు" అంది అక్క.

"పడతావక్కా."

"పడితే నేనే పడతాను. వదులు."

ఆ రోజు వరస చివరిదాకా ఒక్కతే వెళ్ళింది. అప్పట్నుంచీ అదే పద్ధతి. టైలరమ్మ ఆమెను రోడ్డు దాటించి గేటు దగ్గర వదిలి వెనక్కి వచ్చేయాలి, వెంట రాకూడదు, గేటు దగ్గర నిలబడి చూడనూ కూడదు. కాయలు కొమ్మల మీద ఉన్నన్నాళ్ళూ చెవితో, రాలిపోయాక కాళ్ళ కింద అవి పుటుక్కుమనే చప్పుడుతో, వానాకాలంలో బాట అంచున లేచిన వేళ్ళను కర్రతో తడుముకుంటూ, అక్క ఆ చివర కుళాయి దగ్గరున్న బెంచీదాకా పోయేది. అక్కడ ఇద్దరు ముసలి స్నేహితురాళ్ళతో లోకాన్ని కడిగి ఆరేసి, తన దారిన తాను తిరిగొచ్చేది. "ఇంట్లో నీకు అక్కను, ఆస్పత్రిలో పేషెంటును. ఆ వరసలోనే నేను నేను" అనేది. మిగతా పార్కు ఉన్నా పోయినా ఆమెకొకటే. ఆ వరస పోతే మళ్ళీ ట్రంకుపెట్టే.

చెట్లకు పసుపు గుడ్డలు కట్టాలన్న ఆలోచన ఫొటోగ్రాఫరుది. "మేం కాపాడతాం అన్నట్టు ప్రతి చెట్టుకూ ఓ పట్టీ కడదాం. పేపర్లో ఫొటో పడితే దద్దరిల్లిపోవాలి" అన్నాడు. టైలరమ్మ దగ్గర పసుపు లైనింగ్ గుడ్డ ఒక థాను మూలన పడి ఉంది. బల్ల మీద పరిచి, సుద్దతో గీతలు గీసి, వెడల్పాటి పట్టీలు కత్తిరించింది. ఆదివారం పేటంతా కదిలింది. ఫౌంటెన్ చుట్టూ, మండపం చుట్టూ, డాక్టరుగారి బాట పొడుగునా చెట్లన్నీ నడుముకు పసుపు కట్టుకుని నిలబడ్డాయి. ముసలి చెట్ల మొదళ్ళు లావుగా ఉండటంతో ఒక్కోదానికి రెండేసి పట్టీలు పట్టాయి. పడమటి వరస దగ్గరికొచ్చేసరికి గుడ్డ అయిపోయింది.

"రేపు ఇంకో థాను తెప్పిస్తాను" అంది టైలరమ్మ.

"ఆ చెత్త చెట్లకెందుకండీ? నీడా సరిగా ఇవ్వవు, బాటంతా కాయలు రాలుస్తాయి. ఫొటోలో కూడా బాగోవు" అన్నాడు ఫొటోగ్రాఫరు.

"పట్టీలు పేరుకేనమ్మా, మనం అడిగేది మొత్తం పార్కు" అన్నాడు డాక్టరుగారు.

టైలరమ్మకు వేళ్ళు పీకుతున్నాయి. ఇంటి దగ్గర గౌన్లు కుప్పగా ఉన్నాయి. సరే, మొత్తం పార్కేగా, పోనీలే అనుకుంది. మనిషిని ముంచే మాటల్లో ఈ 'పోనీలే' అంత మెత్తటిది ఇంకోటి లేదు.

ఫొటో పేపర్లో పడింది. దద్దరిల్లింది కూడా. నగరపాలక భవనంలో పెద్ద హాల్లో సభ పెట్టి పేటవాళ్ళందర్నీ పిలిచారు. మెట్లు దిగుతూ జారతానేమోనని అక్క ఇంట్లోనే ఉండిపోయింది.

స్టేడియం పనులు చూసే పెద్ద ఇంజనీరు కఠినుడని అందరూ అనుకున్నారు. అలా ఉన్నా బాగుండేది. ఆయన చక్కటి మనిషి. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు అందాయో లేదో చూసి మరీ మొదలుపెట్టాడు. గోడ మీద పార్కు పటం పెట్టి, "మీ మనసు మాకర్థమైంది. మావాళ్ళు పార్కంతా తిరిగి మీరు పట్టీ కట్టిన ప్రతి చెట్టునూ ఈ పటంలో పసుపు చుక్కగా పెట్టారు. వీటిలో ఒక్కదాన్ని కూడా ముట్టుకోం. ఫౌంటెన్ ఉంటుంది, మండపం ఉంటుంది. స్టేడియాన్ని పడమటికి జరిపాం" అన్నాడు.

హాలు చప్పట్లతో మోగిపోయింది. డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. టైలరమ్మ మాత్రం పటం వైపే చూస్తూ ఉండిపోయింది. ఆమెకది కత్తిరించే బల్ల మీద పరిచిన గుడ్డలా కనిపించింది. సుద్దగీత లోపలిది చొక్కా, బయటిది ముక్కల సంచిలోకి. రోజూ చేసే పనేగా! గీత గీసేవాళ్ళెవరూ గీత బయట ఉన్న గుడ్డ కోసం ఏడవరు. ఇంతకాలం కత్తెర పట్టిన తాను, తన అక్క నడిచే బాటను తన చేత్తోనే గీత బయట వదిలేసింది. లేచి నిలబడింది.

"సార్, పడమటి వైపు దిరిసెన చెట్లు..."

"అక్కడ పట్టీలేం లేవమ్మా. మావాళ్ళు రెండుసార్లు చూశారు. మీకు అక్కర్లేనివే మేం తీసుకున్నాం."

"అక్కర్లేక కాదు సార్. గుడ్డ అయిపోయింది."

హాలంతా ఘొల్లుమంది. ఇంజనీరు కూడా నవ్వాపుకుంటూ తల దించుకున్నాడు. నవ్వినవాళ్ళలో చెడ్డవాళ్ళు లేరు. గెలిచిన సంతోషంలో ఏం విన్నా నవ్వే వస్తుంది.

బయటికొచ్చాక ఆమె డాక్టరుగారి వెంటపడింది. ఆయన నిలబడి ఓపిగ్గానే విన్నాడు. "మీ అక్కగారి సంగతి నాకు తెలీదా అమ్మా? కానీ ఇప్పుడు మళ్ళీ కదిపితే మొదటికే మోసం వస్తుంది. కొండంత పార్కు దక్కింది. గుండ్రటి బాట ఉందిగా, చెయ్యి పట్టుకుని అక్కడ నడిపించు" అన్నాడు. ఆ మాటకు ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఏం అనగలదు? గుడ్డ ఆయన కత్తిరించలేదు.

ఇంట్లో అడుగుపెట్టగానే అక్క, "గెలిచారటగా! ఫొటోగ్రాఫరు వీధంతా అరుచుకుంటూ పోయాడు. మరి నువ్వేంటే, దొంగతనానికి వచ్చినట్టు నడుస్తున్నావు?" అంది.

టైలరమ్మ చెప్పేసింది. పట్టీలు, పోనీలే అనుకోవడం, చుక్కలు, అన్నీ. అక్క మధ్యలో అడ్డు రాలేదు. అడ్డు రాని అక్కను ఆమె ఎప్పుడూ చూడలేదు.

"తెల్లారితే నన్ను అక్కడే వదిలి వస్తావు కదే," అంది చివరికి. "రోజూ వదిలి వస్తావు. అయినా తట్టలేదా?"

"పార్కంతా ఒకటే అనుకున్నానక్కా."

"కళ్ళున్నవాళ్ళకి అంతేలే."

ఆ పూట అన్నం ముట్టలేదు. తర్వాతి రోజుల్లో తింది, మాట్లాడింది, పార్కుకూ వెళ్ళింది. కానీ వెనక గదిలోంచి వెటకారాలు రావడం మానేశాయి. టైలరమ్మ నగరపాలక భవనం చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. సభలో మీ పేటవాళ్ళే చప్పట్లు కొట్టారుగా అన్నారు ప్రతి గదిలోనూ. అదీ నిజమే.

ఒక పొద్దున రంపాలతో లారీ వచ్చి గేటు ముందు ఆగింది. చప్పుడు విని అక్క మంచం మీద లేచి కూర్చుంది.

"ఒసేయ్, ఆ పసుపు గుడ్డ ముక్కలేమైనా ఉన్నాయా?"

టైలరమ్మ ముక్కల సంచి నేల మీద గుమ్మరించింది. జానెడు ముక్కలు, బెత్తెడు ముక్కలు దొరికాయి. ఎందుకని అడగకుండానే మిషన్ ఎక్కి, ముక్కకు ముక్క అతికి ఒక పొడుగాటి పట్టీ కుట్టింది.

"పద. పట్టీ కట్టినవాటిని ముట్టుకోమన్నారుగా. పెద్దమనుషుల మాటెంతో చూద్దాం."

వరసలో మొదటి చెట్టుకు వీపు ఆనించి నిలబడి, తననూ చెట్టునూ కలిపి కట్టేయమంది అక్క. టైలరమ్మ కట్టింది. రంపాలవాళ్ళు బిత్తరపోయి పనిముట్లు కింద పెట్టారు. పెద్ద వయసు మనిషి, చూపు లేని మనిషి, ఆమె మీద చెయ్యి వేసే ధైర్యం ఎవరికుంటుంది? సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. ఇంజనీరు వచ్చాడు. వెనకాలే ఫొటోగ్రాఫరూ కెమెరాతో పరుగెత్తుకొచ్చాడు.

ఇంజనీరు కెమెరా వైపు ఒకసారి చూశాడు. "మాటంటే మాటేనమ్మా. ఈ చెట్టుకు పట్టీ ఉంది కాబట్టి ఉంచేస్తాం" అన్నాడు.

"మరి మిగతావి?"

"వాటికి లేవు కదండీ."

టైలరమ్మ మెడలోని కొలత టేపు లాగి రెండో చెట్టుకు చుట్టింది. సూపర్‌వైజరు నొచ్చుకుంటూనే వచ్చి టేపు విప్పాడు. జాగ్రత్తగా చుట్ట చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. ఆ మర్యాదకు ఆమెకు ఏడుపొచ్చింది. తిట్టినా తట్టుకునేదేమో. మధ్యాహ్నానికి వరసంతా నేల మీద ఉంది, మొదటి చెట్టు తప్ప. మర్నాడు పేపర్లో అక్క ఫొటో వేసి, ముసలావిడ పంతం నెగ్గిందని రాశారు. డాక్టరుగారు దాన్ని కత్తిరించి తెచ్చి కొట్టు గోడకు తనే అంటించాడు.

ఆ తర్వాత అక్క చాలాకాలం పార్కు మాటెత్తలేదు. పడమట రేకుల గోడ లేచింది. దాని వెనక పగలంతా ఇనుము మోత. మళ్ళీ వేసవి వచ్చింది. ఒక పొద్దున ఆమె తనంతట తానే చెప్పులు వేసుకుని గడప దగ్గర నిలబడింది.

టైలరమ్మ రోడ్డు దాటించి, అలవాటు ప్రకారం గేటు దగ్గర చెయ్యి వదిలింది. వెనక్కి మాత్రం వెళ్ళలేదు. గాలి లేచింది. మిగిలిన ఒక్క చెట్టు మీద కాయలు గలగలమన్నాయి. అక్క ముఖం విప్పారింది. తల కాస్త పక్కకు వంచి, చప్పుడు పట్టుకుని, తడబడకుండా వెళ్ళి చెట్టును చేత్తో తాకింది. మొదలుకు చుట్టిన అతుకుల పట్టీని వేళ్ళతో తడిమింది. తర్వాత అవతలి పక్కకు వెళ్ళి, ముందుకు తిరిగి నిలబడింది. కర్ర చాచి ఇటు తట్టింది, అటు తట్టింది. ఇటూ రేకే, అటూ కంకరే. చెవి పెట్టి వింది. ముందరి గలగల కోసం చాలాసేపు వింది.

"నువ్వు అక్కడే ఉన్నావుగా?" అని అరిచింది, తల తిప్పకుండానే.

"ఉన్నానక్కా."

"ఉంటావని తెలుసులే. ఒక్క చెట్టు తానెక్కడుందో చెబుతుందే గానీ, నన్నెటు పొమ్మంటుంది?"

అక్క కర్రను చంకన పెట్టుకుని, ఖాళీ చెయ్యి గాల్లోకి చాచింది.

"రా, పట్టుకో" అంది.