సార్ కలిపిన సెకను

సంతాప సభల తీరు తెలిసిందే కదా. బతికుండగా ఒక్క మంచి ముక్క అనని వాళ్ళు కూడా మైకు దొరికితే చాలు, పోయినాయన్ని ఆకాశానికెత్తేస్తారు. ఈల సార్ సభ మాత్రం అలా జరగలేదు, ఉన్నమాట చెప్పుకోవాలి. బడి హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు. ఏడ్చినవాళ్ళు నిజంగానే ఏడ్చారు.

ఆయన ముప్పయ్యేళ్ళు అదే బడిలో లెక్కలు చెప్పాడు. పొద్దునా సాయంత్రం మైదానంలో పిల్లల్ని పరుగెత్తించాడు. మెళ్ళో ఎప్పుడూ ఈల వేలాడేది కాబట్టి ఈల సార్ అయ్యాడు. అసలు పేరు బడి గుమస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ముందు వరసలో ఆయన కూతురు కూర్చుంది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం. చివర్న మాట్లాడాల్సింది ఆమే. చేతిలోని కాగితం నిండా నాన్న గురించి మంచి మాటలే రాసుకుంది, అన్నీ నిజాలే. బూటు అడుగు ఊడితే ఆయనే సూదీ దారం పుచ్చుకుని కుట్టేవాడు. జ్వరమొస్తే మంచం పక్కన నేల మీద కూర్చునే పరీక్ష పేపర్లు దిద్దేవాడు. కానీ కాగితం మీద పెట్టని మాట ఒకటుంది. ఊరి పిల్లలందర్నీ పనికొచ్చేలా చేసిన మనిషికి నేనొక్కదాన్నే పనికిరాకుండా పోయానా అన్న మాట. ఇరవై రెండేళ్ళుగా అది ఆమె కడుపులోనే కుళ్ళుతోంది.

పదహారేళ్ళప్పుడు ఆమె నాలుగు వందల మీటర్లు పరుగెత్తేది. పెద్ద పోటీలకు పేరు పంపాలంటే అరవై సెకన్లలోపు రావాలి. ఆ ఏడాదంతా ప్రాణం పెట్టి పరుగెత్తింది. నాన్న గడియారం నొక్కి, "అరవైన్నర" అనేవాడు. లేదంటే అరవై ఒకటి. అంతకంటే తగ్గితే ఒట్టు. పోనీ ఇంట్లో అడుగుదామంటే అక్కడొక చట్టం ఉంది, మైదానం మాటలు గడప దాటకూడదు. గడప బయట ఆయన సార్, లోపలే నాన్న. కంచం ముందు కూర్చుని "ఇవాళ బాగా పరిగెత్తానా?" అంటే, "ముందు తిను" అనేవాడు.

పేర్లు పంపే రోజు పొద్దున ఆమె మైదానానికి వెళ్ళి, "నేను మానేస్తున్నా సార్" అంది.

"ఎందుకమ్మా?"

"ఇష్టం లేదు" అంది పొగరుగా. పదహారేళ్ళ పిల్ల, పనికిరానని ఒప్పుకోవడానికి నోరు రావద్దూ!

"సరే, నీ ఇష్టం" అన్నాడు. అంతే. తిట్టలేదు, బతిమాలలేదు. వెనక్కి పిలుస్తాడేమోనని ఆ పిల్ల గేటు దాకా కావాలనే మెల్లగా నడిచింది కూడా. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే, తన సంగతీ అంతేనని ఆ రోజే తీర్మానించుకుంది.

మైకు కీచుమంది. బక్కోడు వేదికెక్కాడు. సార్ దగ్గర పరుగు నేర్చుకున్న మొదటివాళ్ళలో ఒకడు. అప్పుడు గాలొస్తే ఎగిరిపోయేలా ఉండేవాడు. ఇప్పుడు బస్సు డ్రైవరు, పొట్ట స్టీరింగుకి తగులుతుంది. పేరు మాత్రం బక్కోడే.

"సార్ చేసిన మోసం ఒకటి చెప్తా" అన్నాడు. "ఆయన ఎవరికీ అసలు టైము చెప్పేవాడు కాదు. ఇంకా గట్టిగా పరుగెత్తాలని ఒక సెకను కలిపి చెప్పేవాడు. లెక్కల మాస్టారు కదా, కూడికలు బాగా వచ్చు!"

హాలంతా గొల్లున నవ్వింది.

"కొత్తగా చేరినోళ్ళు కుమిలిపోయేవాళ్ళు. అప్పుడు పెద్దోళ్ళం పక్కకి పిలిచి, ఏడవకురా, సార్ చెప్పినదాంట్లో ఒకటి తీసెయ్ అని చెప్పేవాళ్ళం. మేం చెప్తామని ఆయనకీ తెలుసు. తెలిసే కలిపేవాడు, గడుసు మనిషి!"

జనం నవ్వుతూ చప్పట్లు కొట్టారు. కూతురు నవ్వలేదు. అరవైన్నరలోంచి ఒకటి తీసేసింది. యాభై తొమ్మిదిన్నర. మళ్ళీ తీసింది. ఎన్నిసార్లు తీసినా అదే వచ్చింది.

బక్కోడు దిగి వస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"అన్నా, ఆ సెకను సంగతి నాకెవరూ చెప్పలేదేం?"

వాడు తెల్లబోయాడు. "నీకు మేం చెప్పేదేంటి చెల్లెమ్మా? సార్ ఉండేది మీ ఇంట్లోనే కదా! నీకు తెలియకుండా ఎలా ఉంటుందిలే అనుకున్నాం." ఇంకేదో అనబోయి ఆమె మొహం చూశాడు. "నిజంగా తెలీదా?"

దీపం కిందే చీకటంటే ఇదే మరి. ఇంట్లో ఆయనే చెప్పుంటాడని వాళ్ళనుకున్నారు. మైదానంలో వాళ్ళు చెప్పుంటారని ఆయననుకున్నాడు. ఎంత దిక్కుమాలిన పద్ధతో చూడండి, ఊరందరికీ తెలిసిన ముక్క కన్నబిడ్డ చెవిన పడలేదు!

పక్క కుర్చీలో ఉన్న అమ్మ ఇదంతా వింది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మా, నేను మానేసిన రోజు నాన్న ఏమన్నాడు?"

"ఇప్పుడెందుకే అవన్నీ?"

"చెప్పమ్మా."

"యాభై తొమ్మిదిన్నర వచ్చిందని తెలిసి కూడా వద్దంటోందే అన్నారు. దానికి మొహం మొత్తింది పరుగు మీద కాదు, నా మీద అన్నారు. ఇంట్లోనూ నేనే, బయటా నేనే, పాపం ఎంతకని భరిస్తుంది అన్నారు."

"నన్నొక్క మాట అడగొచ్చుగా?"

"అడగమని నేనూ పోరాను. మైదానంలోంచి ఎలాగూ పోయింది, గట్టిగా అడిగితే ఇంట్లోంచి కూడా పోతుందేమోనే అన్నారు. అప్పట్నుంచీ నీ దగ్గర మాట తూచి తూచి మాట్లాడేవారు. నువ్వు చూడలేదూ?"

చూడకేం, చూసింది. పనికిరాని పిల్ల మీద జాలనుకుంది. ఆ కక్షతోనే ఆయన ఫోన్ చేస్తే రెండు ముక్కల్లో తేల్చేసేది. పోయిన నెలలో తను పనిచేసే ఆసుపత్రిలోనే ఆయన్ని చేర్పిస్తే, రోజూ వచ్చి మందుల చీటీ చూసి వెళ్ళేది. "కాసేపు కూర్చుంటావా?" అని ఆయన ఒకసారి అడిగాడు. డ్యూటీ ఉందని లేచి వెళ్ళిపోయింది. డ్యూటీకి ఇంకా గంట టైముంది.

హెడ్మాస్టరు ఆమెను పిలిచారు. వేదికెక్కి కాగితం విప్పింది. ఒక్క అక్షరం కనపడలేదు. ముందున్న జనాన్ని వదిలేసి, పక్కన బల్ల మీద పెట్టిన ఫొటో వైపు తిరిగింది.

"నాన్నా, నీ మీద మొహం మొత్తి మానలేదు. నేను పనికిరాననుకుని మానేశాను. నాకు తెలీదు నాన్నా."

వెనక గోడవార నిలబడ్డవాళ్ళ దాకా అందరికీ వినపడింది. వినాల్సిన ఒక్క మనిషికి తప్ప.