కోసిన కాయ నిలవుండదు

నిమ్మకాయలు ఏరడంలో ఆ ఇంటి కోడలికి సాటి ఇంకొకరు లేరు. మార్కెట్లో బుట్ట ముందు గొంతుక్కూర్చుందంటే ఓ పట్టాన లేచేది కాదు. తొక్క నున్నగా ఉందా, బొటనవేలితో నొక్కితే చిన్నగా లొంగుతుందా, అరచేతిలో పెట్టుకుంటే సైజుకి మించిన బరువుందా అని ఒక్కోదాన్నీ చూసేది.

"కాయలు కొంటున్నావా, అల్లుణ్ణి వెతుకుతున్నావా తల్లీ?" అని అమ్మేవాడు విసుక్కునేవాడు.

"మందం తొక్క కాయకి ఆర్భాటమే గానీ రసం ఉండదయ్యా, నీలాగే," అనేది.

ఇంటికొచ్చాక కాయల్ని పొడిగుడ్డతో తుడిచి, తడి లేకుండా చూసుకుని, గాజు సీసాలో పేర్చి మూత బిగించేది. ఆమె చేత్తో పెట్టిన కాయ ఇక చెడేది కాదు. ఏడాది తిరిగొచ్చినా ఇప్పుడే చెట్టు మీంచి తెంపినట్టు పచ్చగా ఉండేది. పక్కవాటాలో టైలరమ్మ కూడా తన కాయలు తెచ్చి, "కాస్త నీ చెయ్యి వెయ్యి వదినా," అని ఇచ్చి పోయేది. అయితే ఒకటే తిరకాసు. కత్తి పడ్డ కాయ మాత్రం ఆ చేతికి లొంగేది కాదు. కోసిన చెక్క సాయంత్రానికల్లా ఎండిపోయేది. అందుకే ఆమె ఎంత కావాలో అంతే కోసేది, అదీ కూర దించాకే.

ఆ ఇంట్లో మిగిలింది ఆమె, అత్తగారు. మొగుడు ఫ్యాక్టరీలో మెషిన్ కింద పడి చనిపోతే, పెట్టెకి మేకులు కొట్టి మరీ పంపించారు. ఆ మనిషి మీద ఒక్కసారి చెయ్యి వేయనివ్వలేదే అన్న బాధ ఆమెకి అన్నం తింటున్నా ఉండేది, మార్కెట్లో బేరమాడుతున్నా ఉండేది.

అలాంటప్పుడు అత్తగారి కడుపులో గడ్డ తేలింది.

"చిన్నదే. ఇప్పుడే కోసి తీసేస్తే బతుకుతుంది," అన్నాడు డాక్టరు.

కోడలు ససేమిరా అంది. "కోస్తే నా చేతిలో ఆగదండీ. కొయ్యకుండా వదిలెయ్యండి, ఎన్నేళ్లయినా నేను నిలబెట్టుకుంటాను."

అత్తగారికి కత్తంటే హడల్, కోడలి చెయ్యంటే గురి. ఆవిడా తలూపేసింది.

పొద్దునా సాయంత్రం కోడలు ఒళ్లు తుడిచేది, కాళ్లకి నూనె రాసేది, పక్క మార్చేది. ముసలావిడ నిలిచింది. బుగ్గల్లో రంగు కూడా తగ్గలేదు. కానీ మనిషిని నిలబెట్టిన చెయ్యి గడ్డని మాత్రం వదిలిపెడుతుందా? అదీ నవనవలాడుతూ పెరిగింది. నొప్పి ఏ రోజుకారోజు కొత్తగా వచ్చేది. కోడలు పరుగెత్తుకుని మళ్లీ తీసుకెళ్తే, "ఇప్పుడు కొయ్యడానికేం లేదమ్మా, చెయ్యి దాటిపోయింది," అన్నాడు డాక్టరు.

ఒక మధ్యాహ్నం అత్తగారు పంటి బిగువున అంది: "ఏమే, నన్నూ సీసాలో పెట్టి మూత బిగించేశావు."

"అలా అనకండి అత్తయ్యా."

"అనక ఏం చెయ్యను? అరవడానికి ఓపికుంది, చావడానికి లేదు."

"కోయించి ఉంటే బతికేవారు. వద్దన్నది నేనే." కోడలు గోడవైపు తిరిగి ఏడ్చేసింది.

"నువ్వొక్కదానివే అన్నావా? నేనూ తలూపాగా. జరిగిందేదో జరిగింది. రేపట్నుంచి నన్ను ముట్టుకోకు."

"మీరూ పోతే ఈ ఇంట్లో నాకెవరున్నారు?"

"అందుకని నేనిలా అరుస్తూ పడి ఉండాలా?"

కోడలు కళ్లు తుడుచుకుంది. మర్నాడు టైలరమ్మని పిలిచి, "ఇక నుంచి అత్తయ్యని నువ్వు తుడువు వదినా," అంది. టైలరమ్మ చేతులు కడుక్కుని లోపలికెళ్లింది.

కోడలు గుమ్మంలో చేతులు ఒళ్లో కట్టుకుని కూర్చునేది. చూస్తుండగానే ముసలావిడ మొహం వాడింది, కళ్లు లోపలికి పోయాయి. అరుపులు తగ్గాయి. చాన్నాళ్లకి నిద్రపోతోంది పాపం అని సంతోషించాలో ఏడవాలో ఆమెకి తెలియలేదు.

ఒక రోజు భోజనాల వేళ దాటాక, "నోరు పిడచకట్టుకుపోతోంది," అంది అత్తగారు. కోడలు సీసాలోంచి మంచి కాయ ఏరి, పీట మీద అరచేత్తో దొర్లించి, అడ్డంగా కోసి, గింజలు తీసి నీళ్లలో పిండింది. టైలరమ్మ చెంచాతో పట్టింది. రెండు గుక్కలు దిగాయి.

"అమ్మాయ్, భయమేస్తోందే. చెయ్యి పట్టుకో."

టైలరమ్మ పట్టుకుంది.

"నీది కాదే. దానిది."

కోడలు మంచం దాకా ఒక్క ఉరుకున వచ్చి ఆగిపోయింది. గిర్రున వంటింట్లోకి వెళ్లి, సీసాలోంచి రెండు కాయలు తీసి రెండు పిడికిళ్లలో బిగించి పట్టుకుని వచ్చి కూర్చుంది. ఖాళీగా ఉంటే ఆ చేతులు ఆమె మాట వినవు.

"ఇక్కడే ఉన్నాను అత్తయ్యా."

"చెయ్యేదే?"

"ఉంది. ఇక్కడే ఉంది."

ముసలి వేళ్లు దుప్పటి మీద తడుముకుంటూ వచ్చి కోడలి చీర అంచు పట్టుకున్నాయి. పట్టుకుని కాసేపు అలాగే ఉన్నాయి. తర్వాత అంచు జారింది.

టైలరమ్మ ముసలావిడ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, కళ్లు మూసి, "ఇక ఫర్వాలేదు వదినా," అంది.

కోడలు కాయలు కింద పడేసి అత్తగారి చెయ్యి అందుకుంది. అదింకా వెచ్చగా ఉంది. ఆమె పట్టుకున్నంతసేపూ వెచ్చగానే ఉంది. సాయంత్రం మోసుకెళ్లేవాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడినా చల్లబడలేదు. టైలరమ్మ ఒకటికి రెండుసార్లు "వదిలెయ్ వదినా" అని చెప్పాక వదిలింది.